ఆగమన్నవారికి జైలు నుంచి జవాబు



అర్జీ రాయని ఇల్లు మన వైపు ఉండదు. రేషన్ కార్డు కోసమో, పట్టా కోసమో, బడికి తెలుగు టీచరును వేయమనో ఎప్పుడో ఒకప్పుడు రాసే ఉంటాం. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, అర్జీ రాసే భాష మరొకటి. జవాబు మాత్రం ఏ భాషలోనైనా ఒకటే: కొంచెం ఆగండి. ఆ మాటకు ఒక ఖైదీ రాసిన జవాబు గురించి ఈరోజు మీకు చెబుతాను. ఆయన మార్టిన్ లూథర్ కింగ్. ఊరు బర్మింగ్‌హామ్. ఇంగ్లండులోది కాదు, అమెరికా దక్షిణాన అలబామా రాష్ట్రంలోది. సంవత్సరం 1963.

ఆ ఊళ్లో నల్లవారికీ తెల్లవారికీ బడులు వేరు, మంచినీళ్ల కుళాయిలు వేరు. నల్లవారు కొట్లో డబ్బిచ్చి సరుకు కొనుక్కోవచ్చు గాని, అదే కొట్లో తెల్లవారి పక్కన కూర్చుని ఒక కప్పు కాఫీ తాగడానికి వీల్లేదు. దీనిమీద ఏప్రిల్ నెలలో నిరసనలు మొదలయ్యాయి. ఊరేగింపులు జరపరాదని కోర్టు ఉత్తర్వు వచ్చింది. కింగ్ దాన్ని కాదని నడిచారు. ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే నాడు అరెస్టయ్యారు. సరిగ్గా అదే తేదీతో ఎనిమిదిమంది తెల్ల మతగురువులు ఒక ప్రకటన చేశారు. వారిలో బిషప్పులున్నారు, పాస్టర్లున్నారు, ఒక యూదు రబ్బీ ఉన్నారు. నిరసనలకు ఇది సమయం కాదు, బయటివాళ్లు వచ్చి నడిపిస్తున్నారు, న్యాయం కావాలంటే కోర్టులకు వెళ్లాలి గాని వీధుల్లోకి రాకూడదు అని దాని సారాంశం.

ఈ ఎనిమిదిమందీ దుర్మార్గులేమీ కారు. ఆ ఏడు జనవరిలో, కోర్టు తీర్పులను ధిక్కరించవద్దని తెల్లవారికి బుద్ధి చెప్పినవాళ్లే. శత్రువును దుయ్యబట్టడం సులువు. సగం మనవైపు ఉన్న పెద్దమనిషికి నచ్చజెప్పడమే కష్టం. ఆ ఉత్తరం బలమంతా ఇక్కడే ఉందని నా ఉద్దేశం.

జైల్లో కాగితం లేదు. వార్తాపత్రిక అంచుల మీద మొదలుపెట్టారు. తర్వాత అక్కడ పనిచేసే ఒక నల్లజాతి ఖైదీ ఇచ్చిన చిత్తు కాగితాల మీద రాశారు. చివరికి వకీళ్లు కాగితాల పుస్తకం తెచ్చి ఇచ్చారు. ఏప్రిల్ 16 తేదీ వేసిన ఆ ఉత్తరం అచ్చులో దాదాపు 7,000 మాటలు.

మొదటి పలకరింపులోనే వారిని తన తోటి మతగురువులంటారు. ఇక వారికి తెలిసిన గ్రంథాల నుంచే జవాబు చెబుతారు. బయటివాడినంటారా, అపొస్తలుడైన పౌలు సొంత ఊరు వదిలి తిరగలేదా? పౌలును కాదనగల పాస్టరు ఎవరు? చట్టం మాట వస్తే అగస్టీన్, అక్వినాస్‌లను పిలుస్తారు, యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్‌నూ పిలుస్తారు. ఊరేగింపుకు అనుమతి కావాలనడం తప్పు కాదట. వివక్షను కాపాడడానికి దాన్ని వాడుకోవడం తప్పు. అలాంటి చట్టాన్ని మీరేవాడు బహిరంగంగా మీరాలి, శిక్షకు సిద్ధపడాలి. ఈ మాట రాస్తున్నవాడు జైల్లోనే ఉన్నాడు గదా!

ఇక 'ఆగండి' అన్నదానికి జవాబు చూడండి. అది 300 మాటలకు పైబడిన ఒకే వాక్యం. మూకలు తల్లిదండ్రులను చంపడం, రాత్రి దిగడానికి ఏ హోటలూ చోటివ్వక కారులోనే పడుకోవడం, టీవీలో చూసిన వినోదాల పార్కుకు తననెందుకు తీసుకెళ్లవని ఆరేళ్ల కూతురు అడిగితే నోట మాట పెగలకపోవడం, ఇలా ఒకదాని వెంట ఒకటి చెబుతూ పోతారు. ఆగడం మాకెందుకు కష్టమో అప్పుడు మీకు తెలుస్తుంది అన్న అసలు సంగతి చిట్టచివర గాని రాదు. అంటే చదివేవాడిని కూడా ఆగేలా చేశారన్నమాట. ఇంగ్లీషులో అసలు క్రియ మామూలుగా ముందే వచ్చేస్తుంది కనుక ఆ నిరీక్షణ గుండెకు తగులుతుంది. తెలుగు చేస్తే ఆ దెబ్బ కొంత తగ్గుతుందేమో, ఎందుకంటే వాక్యం చివరిదాకా ఆగడం మనకు పుట్టుకతో అలవాటు!

మెచ్చుకోవలసినచోట మెచ్చుకున్నారు కూడా. ఆ ఎనిమిదిమందిలో ఒకరైన పాస్టర్ స్టాలింగ్స్ అంతకుముందు ఆదివారం నల్లవారిని తన చర్చిలోకి రానిచ్చారు. కింగ్ ఆయనను పేరుపెట్టి అభినందించి, ఆ వెంటనే తెల్లవారి చర్చీల మౌనం తననెంత నిరాశపరిచిందో మొహమాటం లేకుండా చెప్పారు.

ఉత్తరం వల్లే అంతా మారిందనడం సరికాదు. అది జనం చేతికి అందేలోగానే, మే 2 నుంచి బడిపిల్లలు వీధుల్లోకి వచ్చారు. వారిమీదికి పోలీసులు కుక్కలను వదిలారు, నీటి గొట్టాలు గురిపెట్టారు. మే 10న వ్యాపారులతో ఒప్పందం కుదిరింది. సెప్టెంబరు 15న ఒక నల్లవారి చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. పౌరహక్కుల చట్టం 1964 జూలై 2న వచ్చింది.

ఆ ఎనిమిదిమందిలో జోసెఫ్ డ్యూరిక్ అనే క్యాథలిక్ బిషప్ ఉన్నారు. తర్వాతి రోజుల్లో ఆయన టెనెసీ రాష్ట్రానికి వెళ్లి, అక్కడ పౌరహక్కుల పక్షాన బహిరంగంగా నిలబడ్డారు.