పచ్చిమేత కోత

పచ్చిమేత కోత అనగా పశువుల కొరకు పెంచిన గడ్డిని, జొన్నను తగిన వయసులో కోయుట. శ్రీ సత్యసాయి జిల్లాలోని (2022 వరకు అనంతపురం జిల్లా) హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో వర్షాభావం తరచుగా ఏర్పడుతుంది. అందువలన కోత సమయానికి ఇక్కడ ప్రాధాన్యత ఎక్కువ.

హైబ్రిడ్ నేపియర్ గడ్డిని నాటిన సుమారు 70 రోజులకు మొదటిసారి, తరువాత 45 రోజులకొకసారి కోస్తారు. ఆలస్యమైతే కాండం ముదిరి పీచు పెరుగుతుంది, మాంసకృత్తులు తగ్గుతాయి.

జొన్న విషయంలో తొందరపాటు ప్రమాదకరం. లేత పైరు, బెట్టకు గురైన పైరు, కోసిన మోళ్ళ నుండి వచ్చే పిలకలు తిన్న పశువు కడుపులో హైడ్రోసయానిక్ ఆమ్లం వెలువడుతుంది. ఈ విషాన్ని నాము అంటారు. పశువు కొద్దిసేపటిలోనే మరణించవచ్చు. కావున సగం పైరు పూతకు వచ్చిన తరువాతనే జొన్నను కోయాలి. ఎండబెట్టిన చొప్పలో ఈ విషం చాలావరకు తగ్గుతుంది.