రాని మహమ్మారికి టీకా

1976 ఫిబ్రవరి మొదటి వారం. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఫోర్ట్ డిక్స్ అనే సైనిక శిక్షణ శిబిరం. క్రిస్మస్ సెలవులు ముగించుకుని తిరిగొచ్చినవాళ్లూ, కొత్తగా చేరినవాళ్లూ ఒకే బ్యారక్‌లలో కిక్కిరిసి ఉన్నారు. ఎముకలు కొరికే చలి. ఎవరిని చూసినా జలుబు, దగ్గు, జ్వరం. పందొమ్మిదేళ్ల సైనికుడొకడు ఒంట్లో బాగాలేకపోయినా, విశ్రాంతి తీసుకోమన్నా వినకుండా రాత్రి కవాతుకు బయల్దేరాడు. నడుస్తూ నడుస్తూ కుప్పకూలాడు. కొద్ది గంటల్లోనే ప్రాణం పోయింది.

శిబిరంలో తిరుగుతున్నది ఏ జబ్బు? సైనిక వైద్యాధికారి అది మామూలు అడినోవైరస్ అనుకున్నారు. న్యూజెర్సీ ఆరోగ్యశాఖలో అంటువ్యాధుల నిపుణుడు మార్టిన్ గోల్డ్‌ఫీల్డ్ మాత్రం ఇది ఫ్లూ అని పందెం కాశారు. గొంతులోంచి తీసిన శాంపిల్స్‌ను పరీక్షిస్తే చాలావాటిలో ఆ ఏడాది దేశమంతా తిరుగుతున్న విక్టోరియా రకం ఫ్లూ వైరస్ కనిపించింది. గోల్డ్‌ఫీల్డ్ పందెం గెలిచారు. కానీ కొన్ని శాంపిల్స్‌లో ఉన్న వైరస్ మాత్రం తెలిసిన ఏ రకానికీ సరిపోలేదు. వాటిని అట్లాంటాలోని వ్యాధి నియంత్రణ కేంద్రానికి, అంటే సీడీసీకి పంపారు. అక్కడి లేబరేటరీలో వాల్టర్ డౌడల్ బృందం దాన్ని గుర్తుపట్టింది. అది పందుల్లో ఉండే ఫ్లూ వైరస్. చనిపోయిన కుర్రాడి శాంపిల్‌లోనూ అదే ఉంది.

పందుల ఫ్లూ, అంటే స్వైన్ ఫ్లూ అన్న మాటకే ఆ శాస్త్రవేత్తలు అంతగా ఉలిక్కిపడటానికి కారణం 1918. ఆ ఏడాది ఇన్‌ఫ్లూయెంజా ప్రపంచాన్ని ఊడ్చేసింది. ఒక్క భారతదేశంలోనే కోటీ ఇరవై లక్షల మందికి పైగా పోయారని అంచనా. అదే ఏడాది శీతకాలం ముందు అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పందులు మందలు మందలుగా జబ్బుపడ్డాయి. జె.ఎస్. కోయెన్ అనే పశువైద్యాధికారి, మనుషులకు వచ్చినదీ పందులకు వచ్చినదీ ఒకటేనని బాహాటంగా అన్నారు. జనం పందిమాంసం మానేస్తారన్న భయంతో పెంపకందారులు ఆయనపై మండిపడ్డారు. ఆయన మాట మార్చలేదు. తర్వాత పన్నెండేళ్లకు రిచర్డ్ షోప్ అనే శాస్త్రవేత్త అయోవా పందుల్లోంచే ఆ వైరస్‌ను వేరుచేశారు. 1918 నాటికి పుట్టి ఉన్నవాళ్ల రక్తంలో ఈ పంది వైరస్‌ను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు కనిపించాయి. ఆ తర్వాతి తరాల్లో చాలామందికి అవి లేవు. అంటే 1976లో యాభై దాటని అమెరికన్లలో ఎక్కువమందికి ఈ వైరస్ కొత్తదే.

శిబిరంలో సుమారు రెండు వందల ముప్పై మందికి ఈ వైరస్ సోకి పోయిందని రక్తపరీక్షల్లో తేలింది. జబ్బుపడి ఆసుపత్రిలో చేరినవాళ్లు 13 మంది. మరణం ఒక్కటే. శిబిరం గోడలు దాటి బయట ఒక్క కేసూ దొరకలేదు. మనిషి నుంచి మనిషికి పాకిందన్నది నిజం, ఆగిపోయిందన్నదీ నిజం. ఈ రెండు నిజాల్లో దేన్ని పట్టుకోవాలన్న దగ్గరే కథంతా మలుపు తిరిగింది.

సీడీసీ డైరెక్టర్ డేవిడ్ సెన్సర్ మొదటిదాన్నే పట్టుకున్నారు. 1957లో, 1968లో కొత్త ఫ్లూలు వచ్చినప్పుడు టీకా సమయానికి అందలేదన్న బాధ ఆయన తరం అధికారుల్లో బలంగా ఉంది. ఈసారి ఫిబ్రవరిలోనే హెచ్చరిక వచ్చింది, చలికాలానికి ఇంకా వ్యవధి ఉంది. అయితే ఫ్లూ టీకా తయారయ్యేది కోడిగుడ్లలో. వైరస్‌ను పొదిగే గుడ్లలోకి ఎక్కించి, పెరగనిచ్చి, తీసి, శుద్ధిచేసి, చంపి టీకాగా మలుస్తారు. కోట్ల డోసులంటే కోట్ల గుడ్లు. పొదగడానికి పనికొచ్చే గుడ్లు కావాలంటే పుంజులుండాలి, వాటిని కోతకు పంపకముందే కంపెనీలకు చెప్పాలి. మార్చి 13న సెన్సర్ పై అధికారులకు ఒక నివేదిక పంపారు. ఊరుకోవడం దగ్గర్నుంచి దేశమంతటికీ టీకా వేయడం దాకా నాలుగు మార్గాలు అందులో ఉన్నాయి. అనవసరపు ఖర్చునైనా ప్రభుత్వం భరించగలదు గానీ, ఆపగలిగి ఉండీ ఆపని చావుల్ని భరించలేదన్నది దాని సారాంశం. ఈ కాగితం పత్రికలకెక్కిన రోజున, వద్దన్న మంత్రి గానీ అధ్యక్షుడు గానీ ముఖం చూపించలేని పరిస్థితి.

అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్‌కు అది ఎన్నికల ఏడాది. మార్చి 23న ఉత్తర కరోలినా ప్రైమరీలో రొనాల్డ్ రీగన్ చేతిలో ఓడారు. మర్నాడే శ్వేతసౌధంలో శాస్త్రవేత్తల్ని సమావేశపరిచారు. పోలియో టీకాల సృష్టికర్తలు జోనస్ సాక్, ఆల్బర్ట్ సాబిన్ ఇద్దరూ వచ్చారు. ఒకరితో ఒకరికి పడని ఆ ఇద్దరూ ఆరోజు ఒక్కమాట మీద ఉన్నారు. అభ్యంతరం ఉన్నవాళ్లు తనతో విడిగా చెప్పవచ్చని ఫోర్డ్ అన్నారు. ఎవరూ వెళ్లలేదు. సాక్‌నూ సాబిన్‌నూ పక్కన పెట్టుకునే ఆయన టీవీ కెమెరాల ముందుకొచ్చి, దేశంలోని ప్రతి స్త్రీకీ పురుషుడికీ బిడ్డకూ టీకా వేయడానికి 13.5 కోట్ల డాలర్లు ఇవ్వాలని కాంగ్రెస్‌ను కోరారు. నాటి అమెరికా జనాభా 21 కోట్లకు పైమాటే. అంతమందికి ఒకే చలికాలం లోపు టీకా వేసే ప్రయత్నం ఆ దేశంలో అంతకుముందు ఎన్నడూ జరగలేదు.

ఆ గదిలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఈ మహమ్మారి వచ్చే అవకాశం ఎంత? రెండేళ్ల తర్వాత హార్వర్డ్ పండితులు రిచర్డ్ న్యూస్టాట్, హార్వీ ఫైన్‌బర్గ్ ఈ వ్యవహారమంతా తవ్వితే తేలిందేమంటే, నిపుణులు తమలో తాము దాన్ని రెండు శాతం నుంచి ఇరవై శాతం మధ్య ఎక్కడో ఊహించుకున్నారు. ఆ అంకె అధ్యక్షుడి దాకా పోలేదు. ప్రజలకు అసలే చెప్పలేదు. వాళ్లకు చెప్పిందల్లా 1918 గురించే. నూటికి ఎనభై పాళ్లు రాకపోవచ్చనుకున్న జబ్బుకు వచ్చి తీరుతుందన్న స్వరంలో ప్రచారం జరిగింది. అపనమ్మకానికి విత్తనం పడింది ఇక్కడే. జనం మూర్ఖులు కావడం వల్ల పడింది కాదది.

అనుమానాలు మొదట లోపలినుంచే వచ్చాయి. టీకా తయారుచేసి నిల్వ పెట్టి, జబ్బు మళ్లీ కనబడితే అప్పుడు వేయవచ్చు కదా అని సీడీసీ టీకా సలహాసంఘంలో సభ్యుడైన రసెల్ అలెగ్జాండర్ అడిగారు. ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. ఫోర్డ్ పక్కన నిలబడ్డ సాబిన్ కూడా కొన్ని నెలలకే ఆ నిల్వ మార్గమే మేలన్నారు. ఆహార, ఔషధ నియంత్రణ సంస్థలో పనిచేసే ఆంథొనీ మోరిస్ ఈ టీకా అక్కర్లేదని బహిరంగంగా వాదించారు. జులైలో ఆయన ఉద్యోగం పోయింది. ప్రపంచంలో మరే దేశమూ తన జనమంతటికీ టీకా వేయడానికి పూనుకోలేదు. ఐరోపా దేశాలు కనిపెట్టుకుని ఉంటే చాలనుకున్నాయి.

వేసవిలో దెబ్బ మీద దెబ్బ. పార్క్-డేవిస్ కంపెనీ తప్పు వైరస్‌తో ఇరవై లక్షల డోసులకు పైగా తయారుచేసినట్టు బయటపడింది. ప్రయోగాల్లో పిల్లలకు ఒక్క డోసు చాలదని తేలింది. అంతకంటే పెద్దది బీమా గొడవ. టీకా వల్ల ఎవరికైనా ఏదైనా జరిగితే దావాలకు తాము పూచీపడలేమని బీమా కంపెనీలు చేతులెత్తేశాయి. బీమా లేకుండా డోసులు ఇవ్వమని టీకా కంపెనీలు భీష్మించాయి. లెక్కలు వేసి బతికే బీమావాళ్లే వెనకాడుతున్నారంటే ఇందులో ఏదో ఉందన్న మాట ఇంటింటికీ పాకింది. నిజానికి బీమావాళ్ల భయం టీకాలో విషముందని కాదు. కోట్లమందికి సూది వేసినప్పుడు, ఆ వారంలో కాకతాళీయంగా జబ్బుపడిన ప్రతివాడూ కోర్టుకెక్కుతాడన్నది వాళ్ల భయం. ఆ తేడాను విడమరిచి చెప్పినవాళ్లు తక్కువ.

జులై చివర ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సభకు వెళ్లొచ్చినవాళ్లు న్యుమోనియాతో వరసగా చనిపోవడం మొదలుపెట్టారు. స్వైన్ ఫ్లూ వచ్చేసిందని దేశం వణికింది. కొద్ది రోజుల్లోనే అది ఫ్లూ కాదని లేబరేటరీలు తేల్చాయి. అసలు కారణం ఓ కొత్త బాక్టీరియా అని 1977 జనవరిలో తెలిసింది, ఆ జబ్బునే నేడు లీజియనేర్స్ జబ్బు అంటున్నారు. కానీ ఆ భయం ఊపులోనే కాంగ్రెస్ చట్టం చేసింది. నష్టపరిహారం దావాలన్నీ ప్రభుత్వమే ఎదుర్కొంటుంది. ఆగస్టు 12న ఫోర్డ్ సంతకం పెట్టారు.

అక్టోబరు 1న టీకాలు మొదలయ్యాయి. పాఠశాలల్లో, ఆరోగ్యకేంద్రాల్లో బారులు. ముందు ఒక సమ్మతిపత్రం చదివి సంతకం చేయాలి. చెయ్యి నొప్పి పుడుతుందనీ, జ్వరం రావచ్చనీ, గుడ్డు పడనివాళ్లు వేయించుకోవద్దనీ అందులో ఉంది. తర్వాత చొక్కా చేతిని పైకి మడిచి ముందుకు జరగడమే. చాలాచోట్ల సూది లేదు. పిస్తోలు ఆకారంలో ఉన్న యంత్రాన్ని భుజానికి ఆనించి నొక్కితే మందు గాలి ఒత్తిడితో చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. ఒకరి తర్వాత ఒకరు, క్షణాల్లో. అప్పటికే జరిగిన గాలప్ సర్వేలో తొంభై శాతానికి పైగా జనం ఈ కార్యక్రమం గురించి విన్నామన్నారు. వేయించుకుంటామన్నవాళ్లు మాత్రం సగానికి కాస్త ఎక్కువ.

పదకొండో తేదీన పిట్స్‌బర్గ్‌లో ఒకే కేంద్రంలో టీకా వేయించుకున్న ముగ్గురు వృద్ధులు అదే రోజు చనిపోయారు. ముగ్గురూ పెద్ద వయసువాళ్లే, గుండెజబ్బు ఉన్నవాళ్లే. ఆ వయసువాళ్లు కొన్ని లక్షల మంది వరసలో నిలబడ్డప్పుడు, టీకా ఉన్నా లేకపోయినా ఆ రోజు కొందరు పోక తప్పదు. ఈ సంగతి అధికారులకు ముందే తెలుసు, జనానికి ముందే చెప్పలేదు. పోయాక చెబితే సాకులా వినిపించింది. పత్రికలు చావుల లెక్క కట్టడం మొదలుపెట్టాయి. తొమ్మిది రాష్ట్రాలు టీకాలు ఆపేశాయి. ఫోర్డ్ తన కుటుంబంతో సహా కెమెరాల ముందు చెయ్యి చాపి టీకా వేయించుకున్నాక కార్యక్రమం మళ్లీ కదిలింది. నవంబరులో ఆయన జిమ్మీ కార్టర్ చేతిలో ఓడిపోయారు. ఫ్లూ మాత్రం రాలేదు.

నవంబరు మూడోవారంలో మిన్నెసోటా నుంచి ఒక వైద్యుడి కబురొచ్చింది. టీకా వేయించుకున్న మనిషికి కాళ్లూ చేతులూ చచ్చుబడుతున్నాయి. గీయాన్-బారే సిండ్రోమ్ అనే అరుదైన నరాల జబ్బు అది. పాదాల్లో తిమ్మిరిగా మొదలై పైకి పాకుతుంది. ఊపిరి తీసే కండరాల దాకా వస్తే ప్రాణాపాయం. చాలామంది నెలల తరబడి కోలుకుంటారు, కొందరు కోలుకోరు. టీకా లేకపోయినా ఏటా కొందరికి వచ్చేదే గనుక మొదట తేల్చుకోలేకపోయారు. వెతికేకొద్దీ కేసులు పెరిగాయి, టీకా వేయించుకున్నవాళ్లలోనే ఎక్కువగా. డిసెంబరు 16న కార్యక్రమం ఆపేశారు. అప్పటికి నాలుగు కోట్ల మందికి పైగా టీకా వేయించుకున్నారు. వాళ్లలో ఐదు వందల మందికి పైగా ఈ పక్షవాతం బారిన పడ్డారు, పాతిక మందికి పైగా మరణించారు. లెక్కకడితే సుమారు లక్షమందికి ఒక అదనపు కేసు. మహమ్మారి ముంచుకొచ్చి ఉంటే అది భరించదగ్గ ముప్పే. మహమ్మారి లేనప్పుడు ఆ కుటుంబాలకు ఏమని చెప్పాలి? ప్రభుత్వంపై సుమారు నాలుగు వేల దావాలు పడ్డాయి.

ఆపేయడానికీ మూల్యం ఉంది. వృద్ధుల కోసం తయారైన టీకాలో విక్టోరియా రకం నుంచి రక్షణ కూడా కలిపి ఉంది. స్వైన్ ఫ్లూ టీకాతో పాటు అదీ గోదాముల్లో ఉండిపోయింది. 1977 ఆరంభంలో మయామీలోని ఒక వృద్ధాశ్రమంలో విక్టోరియా ఫ్లూ చెలరేగాక గానీ, వృద్ధుల వరకైనా టీకా తిరిగి ఇవ్వడానికి కొత్త ఆరోగ్యమంత్రి జోసెఫ్ కాలిఫానో అనుమతించలేదు. అదే సమయంలో ఆయన సెన్సర్‌ను పదవి నుంచి తప్పించారు. ఈ తప్పులు మళ్లీ జరగకుండా అసలేం జరిగిందో రాసిపెట్టమని న్యూస్టాట్, ఫైన్‌బర్గ్‌లను నియమించిందీ ఆయనే. వాళ్లు పట్టుకున్న లోపాల్లో పెద్దది ఇది: టీకా తయారుచేయాలా, వేయాలా అన్నవి రెండు వేర్వేరు నిర్ణయాలు. మార్చిలో ఒకే సంతకంతో రెండూ అయిపోయాయి. ఆ తర్వాత ఫ్లూ రాని ప్రతి వారమూ ఆగి ఆలోచించడానికి దొరికిన అవకాశమే, కానీ ఆగే చోటు ముందే గుర్తు పెట్టుకోలేదు. సెన్సర్ మాత్రం తన మాట మీదే ఉన్నారు. 2006లో రాసిన వ్యాసంలో కూడా, ప్రాణాలు పణంగా ఉన్నప్పుడు తక్కువ చేయడం కంటే ఎక్కువ చేయడమే మేలని వాదించారు.

2009 వసంతంలో మెక్సికోలో మరో స్వైన్ ఫ్లూ పుట్టింది. ఇది శిబిరం గోడల్లో ఆగలేదు. భారతదేశంలో తొలి కేసు ఆ ఏడాది మే నెలలో హైదరాబాద్‌లోనే ఖరారైంది, అమెరికా నుంచి శంషాబాద్‌లో దిగిన ప్రయాణికుడికి. ఆగస్టు 3న పుణెలో ఒక పాఠశాల విద్యార్థిని మరణించింది. దేశంలో అదే తొలి మరణం. పుణెలోని నాయుడు ఆసుపత్రి ముందు జనం మాస్కులు కట్టుకుని పరీక్షల కోసం బారులు తీరారు, బడులు మూతపడ్డాయి. అదే చలికాలంలో ఐరోపాలో గాలి ఎదురు వీచింది. ఫ్రాన్స్ ప్రభుత్వం 9 కోట్లకు పైగా డోసులకు ఆర్డరు ఇస్తే, వేయించుకున్నవాళ్లు అరవై లక్షలకు మించలేదు. జబ్బు అనుకున్నంత తీవ్రంగా లేకపోవడంతో, ప్రపంచ ఆరోగ్యసంస్థ మందుల కంపెనీల లాభం కోసమే మహమ్మారిని ప్రకటించిందన్న ఆరోపణ ఐరోపా మండలి దాకా వెళ్లింది. లేబరేటరీలో నిర్ధారణ అయిన మరణాలు ప్రపంచం మొత్తం మీద పద్దెనిమిది వేల పైచిలుకే. తర్వాత వేసిన అంచనాల్లో అసలు సంఖ్య లక్షన్నర నుంచి ఐదు లక్షల డెబ్బై ఐదు వేల దాకా ఉంటుందని తేలింది. అప్పటికి ఆ వార్త చదివే ఓపిక ఎవరికీ మిగల్లేదు.

ఆ ఆరోపణల మీద విచారణ సంఘం వేసినప్పుడు అధ్యక్షుడిగా ఎంపికైంది హార్వీ ఫైన్‌బర్గే. మూడు దశాబ్దాల కిందట ఫోర్ట్ డిక్స్ కథ రాసిన మనిషే. 2011లో ఆ సంఘం ఇచ్చిన నివేదిక, కంపెనీలకు అమ్ముడుపోయారన్న దానికి ఆధారం దొరకలేదంది. అలాగని ఆరోగ్యసంస్థను వదిలిపెట్టలేదు. మహమ్మారి ప్రకటనపై సలహా ఇచ్చిన అత్యవసర సంఘంలో ఎవరెవరున్నారో పేర్లు దాచిపెట్టడమూ, జబ్బు తీవ్రత ఎంతో స్పష్టంగా చెప్పకపోవడమూ అనుమానాలకు ఊతమిచ్చాయని తప్పుపట్టింది. తర్వాతి సారి నుంచి ఆ పేర్లు ముందుగానే బయటపెట్టాలని సిఫారసు చేసింది. నిజంగా తీవ్రమైన ఫ్లూ మహమ్మారి వస్తే తట్టుకునే సన్నద్ధత ప్రపంచానికి లేదని కూడా అదే నివేదికలో రాసింది.