మనసులో రెండు గొంతులు: తెలుగు ప్రణయ హాస్యంలో పెళ్లి జంకు

పెళ్లి మాట ఎత్తగానే వెనకడుగు వేసే మనిషి, అతని లోపల ఔనని ఒకటి, కాదని మరొకటి వాదులాడుకునే రెండు గొంతులు. ఈ పెనుగులాటను నవ్విస్తూ చెప్పే కథలు ఈనాటి తెలుగు సినిమాలో తరచుగా వస్తున్నాయి. జంకు కొత్తదే గానీ, మనసులోని మాటను ప్రేక్షకుడి చెవిన వేసే ఉపాయాలు మాత్రం చాలా పాతవి. వాటితో నడిచిన తొలినాటి తెలుగు రూపకానికి పల్నాటితో సంబంధం ఉంది.

వినుకొండ వల్లభరాయుడి పేరుతో ప్రసిద్ధమైన క్రీడాభిరామం పదిహేనో శతాబ్దపు తొలినాళ్లది. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ప్రేమాభిరామం దానికి మూలం. శ్రీనాథుడే దాన్ని రాశాడని వాదించిన పండితులూ ఉన్నారు. కవి ఇంటిపేరైన వినుకొండ పల్నాటి గిరిదుర్గం.  క్రీడాభిరామం కథ మాత్రం ఓరుగల్లులో ఒక్క రోజులో జరుగుతుంది. మంచనశర్మ అనే బ్రాహ్మణుడు, అతని స్నేహితుడు టిట్టిభసెట్టి వీధులన్నీ తిరుగుతారు. పూటకూళ్ల ఇంట్లో రూక ఇచ్చి భోజనం చేస్తారు. పొట్టేళ్ల పోరు, కోడిపందెం చూస్తారు. పల్నాటి వీరుల కథ పాడుతుంటే వింటారు. ఎటు తిరిగినా మంచనశర్మ మనసు ప్రేయసి మీదే ఉంటుంది.

ఈ రచన వీథి అనే రూపక భేదానికి చెందింది. వీథిలో పాత్రలు ఒకరో ఇద్దరో ఉంటారు. రంగం మీద లేని మనిషి ఏదో అన్నట్టు ఊహించుకుని, ఆ మాటను తానే పలికి, దానికి జవాబూ తానే ఇవ్వడాన్ని ఆకాశభాషితం అంటారు. ఒక్క నటుడి నోట ఇలా పది గొంతులు పలుకుతాయి. తర్వాతి కాలపు ప్రణయ హాస్యానికి కావలసిన సరంజామా చాలావరకు ఇక్కడే ఉంది: ప్రేమలో పడ్డవాడు, వెంట ఉండి మాట కలిపే మిత్రుడు, కనబడని వారితో సంభాషణ. లేనిదల్లా పెళ్లి గురించిన బెంగ. ప్రేయసి లోకం వేరు, ఇల్లాలి లోకం వేరు అనుకున్న సమాజంలో మగవాడు రెండింటి మధ్య తేల్చుకోవలసిన అవసరం రాలేదు. ఆ తీరువల్ల ఎవరికి నష్టమో పల్నాటి వీరకథే చెబుతుంది. పెళ్లయినా భర్త మొహం చూడని మాంచాల దగ్గరికి బాలచంద్రుడు వచ్చేది యుద్ధానికి బయలుదేరే ముందు మాత్రమే.

సంస్కృత నాటకం స్వగతాన్ని కూడా ఇచ్చింది. పాత్ర తనలో తాను అనుకునే మాట ప్రేక్షకులకు వినబడుతుంది, పక్కనున్న పాత్రకు వినబడదు. ఆధునిక తెలుగు నాటకం దీన్ని బాగా వాడుకుంది. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన గురజాడ కన్యాశుల్కం గిరీశం స్వగతంతోనే మొదలవుతుంది. బొంకులదిబ్బ దగ్గర అప్పుల గొడవలు తలచుకుంటూ, ఊరు దాటే ఉపాయం వెతుక్కుంటూ అతను తనతో తాను మాట్లాడుకుంటుంటే చూసేవాళ్లకు నవ్వొస్తుంది, మనిషీ అర్థమవుతాడు.

అయితే ఆ నాటకంలోనే పెళ్లి జంకు కథలు అప్పటికి ఎందుకు సాధ్యం కాలేదో కూడా కనిపిస్తుంది. ముక్కుపచ్చలారని పిల్లను ముసలివాడికి కట్టబెట్టే చోట, పెళ్లి చేసుకోవాలా వద్దా అని తటపటాయించే హక్కు ఎవరికుంది? వెనకాడాలంటే ముందు ఎవరో ఒకరు ఇష్టమేనా అని అడగాలి. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్లకు 14 ఏళ్లు, మగపిల్లవాడికి 18 ఏళ్లు కనీస వయసుగా పెట్టింది. కాలేజీ చదువులు, పట్నం ఉద్యోగాలు పెళ్లిని ఇంకా వెనక్కి జరిపాయి. చదువుకు, పెళ్లికి మధ్య ఏర్పడిన ఆ ఖాళీ ఏళ్లలోనే ఈ జంకు పుట్టింది.

దాన్ని ముందుగా పట్టుకున్నది నవల. 1940లలో గోపీచంద్ అసమర్థుని జీవయాత్రలో సీతారామారావు తనను తానే తవ్వుకుంటాడు. బుచ్చిబాబు చివరకు మిగిలేదిలో దయానిధి కోమలిని, అమృతాన్ని తలపోస్తూ, ఇందిరను పెళ్లాడి కూడా ఎవరి దగ్గరా నిలవలేకపోతాడు. రెండూ గంభీరమైన నవలలు. ఊగిసలాడే మనసును తెలుగు వాక్యంలోకి తెచ్చే పని మాత్రం అవే చేశాయి.

సినిమా మొదట్లో హాస్యాన్ని మనసులో కాక ఇంట్లో వెతికింది. 1955 నాటి మిస్సమ్మలో ఉద్యోగం కోసం ఇద్దరు భార్యాభర్తలుగా నటిస్తారు. పెళ్లి అబద్ధం, ప్రేమ నిజం కావడమే అక్కడి చమత్కారం. లోపలి గొంతు వినిపించాల్సి వచ్చినప్పుడు అద్దం ముందు నిలబడిన మనిషిని అతని ప్రతిబింబమే నిలదీసేది, లేదా అదే నటుడు మరో వేషంలో అంతరాత్మగా పక్కన వచ్చి నిలబడేవాడు. దీని వెనక కెమెరామన్ చేతిపని ఉంది. లెన్సు ముందు సగం భాగాన్ని మాస్కుతో మూసి ఒకసారి తీసేవారు. ఫిల్మును వెనక్కి తిప్పి, మూసిన సగం తెరిచి, తీసిన సగం మూసి మళ్లీ తీసేవారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా మధ్యలో గీత పడేది. లేని మనిషి ఉన్నాడనుకుని చూపు నిలిపి, అతని మాటకు పట్టేంత వ్యవధి ఇచ్చి బదులు పలకడం నటుడి పని. ఆకాశభాషితంలో కావలసిన నేర్పు కూడా అదే.

1980లలో జంధ్యాల పెళ్లి చుట్టూ కొత్త హాస్యం అల్లారు. పొత్తూరి విజయలక్ష్మి నవల ఆధారంగా 1984లో వచ్చిన శ్రీవారికి ప్రేమలేఖలో, ఊహల్లోని భర్తకు ఒకమ్మాయి రాసిన ఉత్తరం నిజమైన మనిషి చేతికి చేరుతుంది. 1987లో అహ నా పెళ్లంట వచ్చింది.  ఈ కథల్లో అడ్డుపడేది పెద్దల పట్టుదల, పిసినారితనం. అబ్బాయికి అనుమానమేమీ లేదు.

ఆ అడ్డు మనిషి లోపలికి మారింది 2000 తర్వాతే. 2002లో విజయభాస్కర్ దర్శకత్వంలో, త్రివిక్రమ్ మాటలతో వచ్చిన మన్మథుడులో అభిరామ్ ఆడవాళ్లంటే మండిపడతాడు. ప్రేమించిన అమ్మాయి తనను కాదని వెళ్లిపోయిందని అతని నమ్మకం. ఆమె ప్రమాదంలో చనిపోయిందన్న నిజాన్ని ఇంటివాళ్లు అతని దగ్గర దాచారు. 2010 నాటి ఆరెంజ్ ఇంకా తెగించింది. ప్రేమ జీవితాంతం అలాగే ఉండదు, ఉంటుందని మాట ఇస్తే అబద్ధమే అవుతుంది అని భాస్కర్ సృష్టించిన రామ్ మొహం మీదే చెబుతాడు. విడుదలైనప్పుడు జనం ఒప్పుకోలేదు. 2023లో మళ్లీ విడుదల చేస్తే యువ ప్రేక్షకులు హాళ్లు నింపారు. మగవాడి మొండితనంగా తోచిన మాటే పదమూడేళ్ల తర్వాత నిజాయితీగా వినబడింది.

చెప్పే పద్ధతి కూడా మారింది. 2011లో నందినీ రెడ్డి అలా మొదలైందిలో కథానాయకుడు తన ప్రేమ గొడవంతా తనను ఎత్తుకుపోయినవాడికి చెబుతాడు. 2016 నాటి పెళ్ళి చూపులులో తలుపు గడియ పడిన గదిలో ఇద్దరు ఒకరి గతం ఒకరికి చెప్పుకుంటారు. ఇవి స్వగతానికి కొత్త రూపాలు. మనసులోని మాటకు ఎదుట ఒక శ్రోత దొరికాడు. 2018లో రాహుల్ రవీంద్రన్ చి ల సౌ దీన్ని ఒకే రాత్రికి కుదించింది. అయిదేళ్లదాకా పెళ్లి వద్దనే అర్జున్‌ను, వరుసగా వచ్చే పెళ్లి చూపులతో విసిగిన అంజలిని ఇంట్లో ఒంటరిగా కూర్చోబెట్టింది. అతను మర్యాదగా కాదంటాడు, ఆ వెంటనే ఆమె వెళ్లిపోతుందేమోనని కంగారుపడతాడు. అంతరాత్మ వేషం అవసరం లేకుండానే రెండు గొంతులూ వినిపిస్తాయి. ఆ స్క్రీన్‌ప్లేకు 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో బహుమతి దక్కింది.

అంజలి పాత్ర మరో లోటు కూడా కొంత తీర్చింది. ఇన్నేళ్లూ ఊగిసలాడే మనసు ఎక్కువగా మగవాడిదే అయింది. ఆడపిల్ల అతను తేల్చుకునేదాకా ఎదురుచూసేది. 2021లో లక్ష్మీ సౌజన్య దర్శకత్వం వహించిన వరుడు కావలెనులో సంబంధాలన్నీ తోసిపుచ్చేది భూమి. వద్దనడానికి ఆమె కారణాలు ఆమెకున్నాయి, సినిమా వాటికి చోటిచ్చింది.