వించెస్టర్ .22: అరుదైన తుపాకీని గుర్తుపట్టడం ఎలా?

కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో చేరినవాళ్లు చాలామంది నేలమీద బోర్లా పడుకుని, భుజానికి ఆనించి, మొట్టమొదట పేల్చింది .22 రైఫిల్‌నే. అంగుళంలో వందింట ఇరవై రెండు వంతుల గొట్టం. మన లెక్కలో చెబితే దాదాపు ఐదున్నర మిల్లీమీటర్లు. అంత సన్నటి గొట్టంతో అమెరికాలో ఉడతల్ని, కుందేళ్లను వేటాడే తుపాకులు లక్షల సంఖ్యలో తయారయ్యాయి. వాటిలో నూటికి తొంభైతొమ్మిది మామూలువి. మిగిలిన ఆ ఒక్కటి ఏదో గుర్తుపట్టడానికి అక్కడి సేకర్తలు జీవితకాలం వెచ్చిస్తారు. ఈ రంగంలో అందరికంటే ఎక్కువ జాడలు వదిలిన కంపెనీ కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో ఉండిన వించెస్టర్. అందుకే దాని కథతోనే మొదలుపెడుతున్నాను.

.22 తూటా వయసు ఆ తుపాకులకంటే ఎక్కువ. 1857లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ తన మొదటి రివాల్వర్ కోసం చేసిన తూటాయే తర్వాత .22 షార్ట్‌గా స్థిరపడింది. తూటా అడుగు అంచులోనే మందు ఉంటుంది, సుత్తి ఆ అంచుని కొడితే పేలుతుంది. చవక, చప్పుడు తక్కువ, భుజానికి దెబ్బ తగలదు. 1887లో స్టీవెన్స్ కంపెనీ .22 లాంగ్ రైఫిల్‌ను తెచ్చింది. ఇవాళ ప్రపంచమంతా వాడేది దాన్నే.

వించెస్టర్ ఈ చిన్న తూటా వైపు మొదటి అడుగు తడబడుతూనే వేసింది. పడమటి రాష్ట్రాల్లో పేరు మోగిన తన మోడల్ 1873 రైఫిల్‌నే తీసుకుని, గొట్టం సన్నం చేసి, 1884లో .22లో అమ్మకానికి పెట్టింది. అమెరికాలో తయారైన మొదటి .22 రిపీటర్ రైఫిల్ అదే. అంటే ఒక్కసారి నింపుకుంటే వరుసగా పేల్చుకోగలిగేది. కానీ కుందేలుకోసం అంత బరువైన, అంత ఖరీదైన తుపాకీ ఎవరు మోస్తారు? 1904లో ఆపేసేనాటికి తయారైనవి సుమారు 19,500 మాత్రమే. మోడల్ 1873 మొత్తం ఏడు లక్షలు దాటిందని గుర్తుపెట్టుకుంటే ఈ అంకె ఎంత చిన్నదో తెలుస్తుంది. దీన్ని గుర్తుపట్టడానికి అద్దం కూడా అక్కర్లేదు. మామూలు 1873కి కుడిపక్క ఉక్కు పలకలో తూటాలు తోసే చిన్న తలుపు ఉంటుంది. .22కి ఆ తలుపు లేదు, ఆ పక్క నున్నగా ఉంటుంది. తూటాల్ని గొట్టం కింది మ్యాగజైన్ ముందువైపు నుంచి వేసుకోవాలి.

ఇక్కడే ఈ రంగపు అసలు సూత్రం కనిపిస్తుంది. ఫ్యాక్టరీ ఏదో గొప్పగా చేద్దామనుకున్నందువల్ల అరుదైన రకాలు పుట్టడం చాలా తక్కువ. జనం కొనకపోవడం, మధ్యలో నమూనా మారిపోవడం, ఎవరో ఒకరు ప్రత్యేకంగా అడిగి చేయించుకోవడం - ఈ మూడింటివల్లే ఎక్కువగా పుట్టాయి. తుపాకీ చూసేటప్పుడు ఇందులో ఏది జరిగి ఉంటుందని ఆలోచిస్తే సగం పని అయిపోయినట్టే.

.22 మోడల్ 1873 అమ్ముడుపోకపోవడంతో వించెస్టర్ యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్ వైపు చూసింది. అక్కడ తుపాకుల రూపకర్త జాన్ మోజెస్ బ్రౌనింగ్ ఉన్నాడు. ఆయన తన తమ్ముడు మాథ్యూతో కలిసి కొత్త .22 బొమ్మ గీసి పంపితే, ఇది పనిచేయదని కంపెనీ జవాబు రాసిందట. బ్రౌనింగ్ వాదించలేదు. తుపాకీ తయారుచేసి పంపాడు. అది పనిచేసింది. 1888 జూన్ 26న పేటెంటు వచ్చింది, రెండేళ్లకు మోడల్ 1890 పేరుతో అంగడికెక్కింది. గొట్టం కింద ఉన్న చెక్కపిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే పాత తూటా బయటపడి కొత్తది ఎక్కుతుంది. ఇరవై నాలుగు అంగుళాల ఎనిమిది పలకల గొట్టం. వించెస్టర్ చేసిన మొట్టమొదటి పంపు .22 ఇదే. నలభై ఏళ్లకు పైగా తయారై ఎనిమిది లక్షలు దాటింది.

ఆ నలభై ఏళ్లలో జరిగిన మార్పులే సేకర్తలకు ఆధారాలు. మొదటి రూపం విడదీయడానికి వీలులేని గట్టి ఫ్రేముతో వచ్చింది. అలాంటివి సుమారు 15,500 మాత్రమే. 1892లో విడదీసే ఏర్పాటు వచ్చింది, దీన్నే టేక్‌డౌన్ అంటారు. రిసీవర్‌కి, అంటే యంత్రం ఇమిడి ఉండే ఉక్కు పెట్టెకి, ఎడమపక్క వేలితో తిప్పే పెద్ద స్క్రూ ఉంటుంది, దాన్ని విప్పితే తుపాకీ రెండు ముక్కలై పెట్టెలో ఇమిడిపోతుంది. ఆ స్క్రూ లేకపోతే చూస్తున్నది మొదటి రూపం, ఉంటే తర్వాతది. అంత తేలిక. టేక్‌డౌన్‌కి 1892 డిసెంబర్ 6న మరో పేటెంటు దక్కింది కాబట్టి, దానిమీది ముద్రలో ఆ తేదీ కూడా చేరింది.

రెండో రూపంలో మళ్లీ రెండు రంగులున్నాయి. తొలినాళ్లలో రిసీవర్‌ని కేస్ హార్డెనింగ్ చేసేవారు. ఉక్కు ముక్కల్ని బొగ్గు, ఎముకల పొడి మధ్య పెట్టి బాగా కాల్చి ఒక్కసారిగా నీళ్లలో ముంచితే పైపొర గట్టిపడుతుంది. దానితోపాటు నీలం, గోధుమ, బూడిద రంగులు ఒకదానిలో ఒకటి కలిసి వస్తాయి. 1901లో ఆ పద్ధతి మానేసి మామూలు నీలిపూతకు మారారు. ఆ రంగులు వెలుతురుకీ చేతి రాపిడికీ వెలిసిపోతాయి. అందుకే కేస్ రంగులు నిండుగా నిలిచిన 1890 దొరికితే సేకర్త కళ్లు వెలుగుతాయి, వెంటనే అనుమానం కూడా మొదలవుతుంది. ఆ రంగుల్ని ఇవాళ కూడా వేయగల పనివాళ్లున్నారు మరి. స్క్రూల గాళ్లు అరిగిపోయి, గొట్టం పలకల అంచులు గుండ్రంగా మారిపోయి, రంగులు మాత్రం నిన్న వేసినట్టుంటే నమ్మకూడదు. మూడో రూపం 1908లో వచ్చింది. బ్రీచ్‌ని, అంటే గొట్టం వెనక భాగాన్ని, మూసి బిగించే కొమ్ములు రిసీవర్ పైఅంచులో కోసిన గాళ్లలోకి లేచి, పైనుంచి చూస్తే కనిపిస్తాయి.

తూటాల సంగతి ఇంకా ఆసక్తికరం. మోడల్ 1890లో ఒక్కో తుపాకీ ఒక్క రకం తూటాకే. షార్ట్ అయితే షార్టే, లాంగ్ అయితే లాంగే. మ్యాగజైన్ నుంచి తూటాని పైకెత్తే ముక్క కచ్చితంగా ఒక తూటా పొడవుకే కోసి ఉంటుంది. పొట్టిది వేస్తే దాని వెనక వచ్చే తూటా మూతి అందులో దూరి యంత్రం ఇరుక్కుంటుంది. తుపాకీతోపాటే కంపెనీ .22 డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే బలమైన తూటాని కూడా తెచ్చింది. వేటకు అదే పనికొచ్చింది. దాని గది, అంటే గొట్టంలో తూటా కూర్చునే చోటు, లాంగ్ రైఫిల్ గదికంటే వెడల్పు. అందులో లాంగ్ రైఫిల్ పేలిస్తే ఇత్తడి ఉబ్బి చీలిపోతుంది. పాత తుపాకీ చేతికొస్తే ముందు గొట్టంమీద ఏం రాసుందో చదవాలనడానికి ఇదొక్కటే చాలు.

షార్ట్ తుపాకులు ఎక్కువగా సంతల్లో, వినోద ప్రదర్శనల్లో ఉన్న షూటింగ్ గ్యాలరీలకు పోయాయి. రోజంతా, ఏళ్ల తరబడి పేలాయి. వాటిలో గొట్టం లోపల గీతలు నిలిచి, పిడి విరగకుండా, పూత చెరగకుండా మిగిలినవి తక్కువ. లెక్కలో మామూలువైనా స్థితిలో అరుదు. లాంగ్ రైఫిల్ కథ దీనికి తలకిందులు. మోడల్ 1890లో దానికి 1919దాకా చోటే దొరకలేదు. అందుకని ఫ్యాక్టరీ నుంచి లాంగ్ రైఫిల్‌గానే వచ్చిన 1890 తక్కువ. ఈ అరుదుతనమే మోసానికి దారి తీసింది. పాత షార్ట్ గొట్టం గదిని తొలిచి లాంగ్ రైఫిల్‌గా మార్చినవి బయట తిరుగుతుంటాయి. గుర్తుపట్టే ఉపాయం గొట్టం లోపలే ఉంది. లాంగ్ రైఫిల్ గొట్టంలో గీతలు పదహారు అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి, షార్ట్ గొట్టంలో అంతకంటే మెల్లగా. బిగుతుగా గుడ్డ చుట్టిన కడ్డీని లోపలికి తోసి, అది ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరిగిందో కొలిస్తే నిజం తెలిసిపోతుంది.

1906లో వించెస్టర్ ఇదే యంత్రానికి ఇరవై అంగుళాల గుండ్రటి గొట్టం బిగించి, ధర తగ్గించి మోడల్ 1906 అమ్మింది. మొదట షార్ట్‌కి మాత్రమే. 1908 నుంచి షార్ట్, లాంగ్, లాంగ్ రైఫిల్ మూడూ ఒకే తుపాకీలో పేలేటట్టు మార్చారు. ఇది కూడా ఎనిమిది లక్షలు దాటింది. ఇందులో వెతకాల్సింది ఎక్స్‌పర్ట్ అనే రకం. 1918 నుంచి 1924 దాకా మాత్రమే వచ్చింది. వెనక చెక్కపిడికి పిస్టల్ పట్టు, ముందు చెక్కపిడికి వేరే ఆకారం. నీలిపూత, పూర్తి నికెల్, రిసీవర్ వరకు నికెల్ అని మూడు ముగింపుల్లో దొరికేది. నికెల్‌ది కనిపిస్తే జాగ్రత్తపడాలి. సైకిల్ హ్యాండిల్‌కి నికెల్ వేయగల ఏ దుకాణమైనా దీనికీ వేయగలదు. ముద్రించిన అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా, లేక పూతకు ముందు రుద్దినందువల్ల మెత్తబడ్డాయా అన్నది చూడాలి. 1932లో మోడల్ 62 ఈ వంశాన్ని అందుకుంది, అది 1958 దాకా నడిచింది.

మరో ఆధారం పరీక్ష ముద్ర. 1905 జూలై నుంచి వించెస్టర్ గుడ్డు ఆకారపు గీతలో డబ్ల్యూ, పీ అక్షరాలు కలిపిన ముద్రని గొట్టంమీద, రిసీవర్‌మీద వేసింది. ఒకచోట ఉండి మరోచోట లేకపోతే గొట్టం తర్వాత మారి ఉండొచ్చు. తర్వాతి మోడల్ 1890 తుపాకుల్లో వరుస సంఖ్య రిసీవర్ అడుగున, వెనక చెక్కపిడిలోకి చొరబడే కింది పట్టీమీద, రెండుచోట్లా ఉంటుంది. టేక్‌డౌన్ తుపాకీ కాబట్టి ఎవరో రెండు తుపాకుల సగాల్ని కలిపి ఉండటానికి అవకాశం ఎక్కువ. ఆ రెండు సంఖ్యలూ కలవాలి. చెక్కనీ చూడాలి. ఫ్యాక్టరీలో బిగించినప్పుడు చెక్క ఇనుముకంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉండేది. ఇనుముకంటే కిందికి దిగిపోయి ఉందంటే ఎవరో ఇసుక కాగితంతో రుద్దారన్నమాట.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం కాగితంమీద ఉంది. వించెస్టర్ గిడ్డంగి పుస్తకాలు కొన్ని మిగిలి, ఇవాళ వయోమింగ్ రాష్ట్రం కోడీ పట్టణంలో బఫలో బిల్ సెంటర్‌లోని తుపాకుల మ్యూజియం దగ్గర భద్రంగా ఉన్నాయి. వరుస సంఖ్య పంపి రుసుము కడితే ఆ తుపాకీ ఏ తూటాకి, ఏ గొట్టంతో, ఏ ముగింపుతో గిడ్డంగి చేరిందో, ఎప్పుడు బయటికి వెళ్లిందో పుస్తకంలో ఉన్నంతవరకు రాసి పంపుతారు. అన్నింటికీ ఈ భాగ్యం లేదు. మోడల్ 1890లో మొదటి మూడు లక్షల పైచిలుకు సంఖ్యలకే పుస్తకాలున్నాయి. ఆ తర్వాతవాటికి తుపాకీయే సాక్షి. అందుకే దాని ఒంటిమీద ఉన్న ప్రతి గీతా విలువైనదే.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరం, 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా ఇలాంటిది ఇంట్లో పెట్టుకోవడం కూడా నేరమే. కానీ అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లకు పాత ఇళ్ల సామాను వేలాల్లో ఇవి తరచూ ఎదురవుతాయి. వాళ్లకొక విన్నపం. అక్కడి చట్టం ఏమంటుందో కనుక్కోండి, తెలిసిన పనివాడితో గది ఖాళీగా ఉందని చూపించుకోండి. ఆ తర్వాత దాన్ని అలాగే వదిలేయండి. తుప్పు పెరగకుండా పల్చగా నూనె రాస్తే చాలు. మెరుగు పెట్టించకండి, పూత వేయించకండి, చెక్క రుద్దించకండి. వందేళ్ల కిందటి న్యూ హేవెన్ పనివాడి చేతి గుర్తు ఒకసారి పోతే, ఏ మ్యూజియం రాసిచ్చే ఉత్తరమూ దాన్ని తిరిగి తేలేదు.