వినుకొండ విజయము : రాయల చరిత్రకు కథాగ్రంథముల ప్రామాణ్యము

శ్రీకృష్ణదేవరాయల పూర్వదిగ్విజయమున ఉదయగిరి 1514లో లోబడెను. పిమ్మట అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరము మొదలగు దుర్గములు వశమయ్యెను. 1515 జూన్ 23వ తేదీన కొండవీడు పట్టువడెను. ఈ క్రమము శాసనములవలన తెలియుచున్నది. కాని వినుకొండవంటి దుర్గమునుగూర్చి శాసనములు పేరుమాత్రమే చెప్పి ఊరకుండును. యుద్ధ మెట్లు నడచెనో తెలియగోరువారు కథాగ్రంథముల నాశ్రయింతురు. వానిని ఎంతవరకు విశ్వసింపవచ్చునో ఇచ్చట విచారింతుము.

వీనిలో ముఖ్యమైనది రాయవాచకము. ఇది విశ్వనాథనాయని స్థానాపతి తన ప్రభువునకు పంపిన విన్నపముగా నడచుటచే, ప్రత్యక్షసాక్షి వాక్యమని పలువురు చాలకాలము భావించిరి. ఇది 1600 ప్రాంతమున మధుర నాయకుల యాస్థానమున పుట్టినదని ఫిలిప్ వాగనర్ 1993లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. గజపతికిని ఆయన పదాఱుగురు పాత్రులకును నడుమ అనుమానము కలుగునట్లు తిమ్మరుసు ధనపుపెట్టెలను, జాబులను పంపెనను కథ ఇందు కలదు. శాసనము లీ తంత్ర మెఱుగవు. కుమార ధూర్జటి కృష్ణరాయవిజయమునందును ఈ కథయే యున్నదని కొందఱు దీనికి బలము చెప్పుదురు. కాని యా కావ్యము రాయవాచకము ననుసరించినదే. కావున సాక్షులు ఇద్దఱు కారు, ఒక్కరే.

విదేశీయుల వ్రాతలకును ఈ పరీక్ష తప్పదు. పోర్చుగీసువాడగు నూనిజ్ 1535 ప్రాంతమున, అనగా ఇరువదేండ్ల పిమ్మట, తాను విన్నది వ్రాసెను. గజపతి కుమారుడు కొండపల్లిలో చిక్కెననియు, రాజధానిలో తనకు తగని వానితో కత్తిసాము చేయుమన్నందున అవమానము సహింపక ప్రాణము విడిచెననియు ఆతని కథనము. శాసనములు వీరభద్రుడు కొండవీటిలో పట్టువడెనని చెప్పుచున్నవి. అంతియకాదు, 1516 నాటి దావణగెరె ప్రాంతపు శాసనమున ఆ వీరభద్రుడే రాయల క్రింద మలెయ బెన్నూరు సీమ నేలుచు కనిపించుచున్నాడు. ఆతని యవసానము నూనిజ్ చెప్పినట్లే యైనను, చెఱకును చావునకును నడుమనున్న యీ యధికారమును ఆ కథ మఱుగుపఱచినది.

ఈ చిక్కు మనకే పరిమితము కాదు. చీనాలో మింగు వంశమువారు (1368–1644) ఏలునపుడు, ఒక చక్రవర్తి గతించిన పిదప ఆయన కాలపు వృత్తాంతమును ఆస్థానమువారు సంకలనము చేయుచుండిరి. ఆ వంశపు సమగ్రచరిత్రమును మాత్రము తరువాతి చింగు వంశమువారు 1739లో ముగించిరి. పడిపోయిన వంశమును గూర్చి దాని స్థానమున నిలిచినవారు వ్రాసిన గ్రంథమది. అందుచే పరిశోధకులు దానిని పూర్వపు వృత్తాంతములతో సరిచూచుకొందురు. మనకట్టి రాజకీయ సంకలనములు దక్కలేదు. గ్రామకరణముల కవిలెలును, వాని నాధారముగా కాలిన్ మెకంజీ (1754–1821) సహాయకులు సేకరించిన కైఫియ్యతులును కొంతవఱకు ఆ లోటు తీర్చుచున్నవి. వీనియందు భూములు, మిరాసీలు, దేవాలయ మాన్యములనుగూర్చిన భాగములకును, స్థలపురాణములకును ఒకే విలువ నీయరాదు.

అట్లని రాయవాచకమును త్రోసివేయవలెనని మా యభిప్రాయము కాదు. 1565 యుద్ధానంతరము విజయనగరము పాడుపడగా, ఒక తరము గడచిన పిదప దక్షిణదేశపు తెలుగు ప్రభువులు ఆ వైభవమును తలచుకొని, తమ యధికారమునకు దానినే మూలముగా చూపుకొనిరి. ఈ విషయమునకు దానికి మించిన సాక్ష్యము లేదు. 1515 నాటి వినుకొండకు అది బలహీనసాక్షి; 1600 నాటి మధురకు ప్రబలసాక్షి. పల్నాటి దుర్గముల చరిత్రమునకు పూనుకొను విద్యార్థులు ముందుగా శాసనమున తేదీని స్థిరపఱచుకొని, పిమ్మట గ్రంథ మెవరికొఱకు, ఎన్నడు పుట్టినదో విచారించి, ఒకదాని ననుసరించిన మఱియొకదానిని వేఱు సాక్ష్యముగా లెక్కింపకుందురుగాక.