యాప్ మూసేస్తే ఎవర్ని అడగాలి?

 ఆడియోలో టైం సరిపోక వదిలేసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. కేసుల తేదీలు అడిగిన వాళ్ళ కోసం కూడా.

మెల్‌బోర్న్‌లో డెలివరీ చేసే రోజుల్లో ఓ రాత్రి నా యాప్ తెరుచుకోలేదు. అకౌంట్ ఆపేశామని ఒకే ఒక్క లైను. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. బ్యాగులో ఎవరిదో బిర్యానీ ఇంకా వేడిగానే ఉంది, వచ్చే వారం రెంట్ కట్టాలి, ఫోన్ చేద్దామంటే నంబర్ లేదు. మూడు రోజుల తర్వాత దానంతట అదే తెరుచుకుంది. ఎందుకు మూశారో తెలీదు, ఎందుకు తెరిచారో కూడా తెలీదు.

ఆ మూడు రోజులూ నాకు గుర్తొచ్చింది రంగూన్. కాకినాడ, విశాఖ రేవుల నుంచి మనవాళ్ళు స్టీమరెక్కి బర్మాకి కూలికి వెళ్ళిన కాలం. చేతికి అడ్వాన్సు ఇచ్చి, టికెట్ కొని, అక్కడ పనిలో పెట్టేవాడు మేస్త్రీ. ఆ అప్పూ, తన వాటా కూలిలోంచి కోసుకునేవాడు. మేస్త్రీ వద్దంటే రేవులో పని లేదు. మేస్త్రీలు మంచివాళ్ళని చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ మేస్త్రీకి ఒక ముఖం ఉండేది. ఇంటికెళ్ళి బతిమాలొచ్చు, తిట్టొచ్చు, నలుగుర్ని పోగేసి నిలదీయొచ్చు.

ఆస్ట్రేలియాలో ఈ కొత్త మేస్త్రీ దెబ్బ మొదట తగిలింది టాక్సీవాళ్ళకి. ఉబర్ 2012లో సిడ్నీలో మొదలైంది. టాక్సీ లైసెన్సులంటే అప్పట్లో ఆస్తి లెక్క, మనూళ్ళో పొలం లాగా. ఇంటి మీద లోన్ తీసి కొన్న వలస కుటుంబాలు చాలా ఉన్నాయి. ప్రభుత్వాలు 2015 నుంచి ఒక్కొక్కటిగా రైడ్‌షేరింగ్‌ని చట్టబద్ధం చేస్తూ పోయాయి, లైసెన్సుల ధరలు పడిపోయాయి. విక్టోరియా ప్రభుత్వం 2016లో పరిహారం ప్రకటించింది: మొదటి లైసెన్సుకి లక్ష డాలర్లు, ఆ తర్వాత వాటికి, మూడింటి దాకా, 50 వేల చొప్పున. కొన్న ధరతో పోలిస్తే అదెంత? ఎనిమిది వేల మందికి పైగా టాక్సీ, హైర్‌కార్ వాళ్ళు కలిసి కోర్టుకెళ్తే, 2024 మార్చిలో ఉబర్ 27 కోట్ల 18 లక్షల డాలర్లకి రాజీ పడింది. అప్పటికి చాలామంది ఆ వృత్తే వదిలేశారు.

రెస్టారెంట్ల సంగతీ అంతే. వాళ్ళ చేతిలో లేని డెలివరీ తప్పులకి కూడా రిఫండ్ భారం వాళ్ళ మీదే పడేలా ఉబర్ ఈట్స్ కాంట్రాక్టులు ఉండేవి. వినియోగదారుల కమిషన్ ఏసీసీసీ తప్పుపట్టాక, 2019లో ఆ షరతులు మారుస్తామని కంపెనీ ఒప్పుకుంది.

ఇక రైడర్లు. 2018లో మెల్‌బోర్న్‌లో ఫుడోరా ఒక రైడర్ని తీసేసింది. రైడర్లు మాట్లాడుకునే టెలిగ్రామ్ గ్రూపుని కంపెనీకి అప్పజెప్పనన్నాడు, అదీ గొడవ. ఆ నవంబరులో ఫెయిర్ వర్క్ కమిషన్ అతను ఉద్యోగేనని తేల్చింది. ఏం లాభం? ఆగస్టులోనే ఫుడోరా దేశం వదిలి వెళ్ళిపోయింది.

నన్ను ఎక్కువ కదిలించింది అడిలైడ్ కేసు. మన దేశం నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉబర్ ఈట్స్‌కి డెలివరీ చేసేవాళ్ళు. ఆర్డర్ ఆలస్యమైందని 2019 జనవరిలో ఆవిడ అకౌంట్ మూసేశారు. కమిషన్ రెండుసార్లు ఆవిడ ఉద్యోగి కాదంది. ఆవిడ ఆగలేదు, ఫెడరల్ కోర్టు దాకా వెళ్ళింది. 2020 నవంబరులో జడ్జీలు కంపెనీ లాయర్లని గట్టిగానే ప్రశ్నించారు. తీర్పు రాకముందే రాజీ అయిపోయింది. ఆవిడకి న్యాయం దొరికిందేమో గానీ, మిగతా మనందరికీ పనికొచ్చే తీర్పు మాత్రం రాలేదు. పెద్ద కంపెనీకి కావాల్సింది అదే కదా!

ఆ రోజుల్లోనే సిడ్నీ, మెల్‌బోర్న్ రోడ్ల మీద రెండు నెలల్లో అయిదుగురు డెలివరీ రైడర్లు చనిపోయారు. చాలామంది మనలాగే వలస వచ్చినవాళ్ళు. విషయం పార్లమెంటు దాకా వెళ్ళడానికి ఆ చావులు కావాల్సొచ్చాయి.

డెలివరూ తీసేసిన ఒక రైడర్ 2021 మేలో గెలిచాడు, 2022 ఆగస్టులో అప్పీల్లో ఓడాడు. మధ్యలో హైకోర్టు రూలు మార్చింది. రోజూ పని ఎలా జరుగుతుందో కాదు, కాంట్రాక్టులో ఏం రాసుందో అదే చూడాలంది. (ఇక్కడ హైకోర్టంటే మన సుప్రీం కోర్టు లెక్క.) కాంట్రాక్టు రాసేదెవరు మరి? మనం "యాక్సెప్ట్" నొక్కేవాళ్ళమే. అదే ఏడాది నవంబరులో డెలివరూ కూడా దుకాణం కట్టేసింది.

2024 ఫిబ్రవరిలో పార్లమెంటు "క్లోజింగ్ లూప్‌హోల్స్" రెండో చట్టం పాస్ చేసింది. 2025 ఫిబ్రవరి 26 నుంచి, అన్యాయంగా అకౌంట్ మూసేస్తే ఫెయిర్ వర్క్ కమిషన్‌కి వెళ్ళొచ్చు. అకౌంట్ తిరిగి తెరవమని కమిషన్ ఆర్డర్ వేయగలదు. మీ వాదన చెప్పుకోవడానికి కంపెనీ తరఫున ఒక మనిషి ఉండాలని కోడ్ చెప్తోంది. మనిషి ఉండాలని చట్టంలో రాయాల్సొచ్చింది చూడండి. అయితే ఆరు నెలలు రెగ్యులర్‌గా పనిచేసి ఉండాలి, మూసేసిన 21 రోజుల్లోపు అప్లై చెయ్యాలి. ఇంకొకరి పేరు మీదున్న అకౌంట్ అద్దెకి తీసుకుని తిరిగే తమ్ముళ్ళూ, ఈ మాట మీకే: ఆ అకౌంట్ మూసేస్తే అడిగే హక్కు మీ పేరు మీద ఉండదు. మెసేజ్ రాగానే స్క్రీన్‌షాట్ తీసి, తేదీ రాసి పెట్టుకోండి. నేను ఆ పని చెయ్యలేదు.

హైదరాబాద్‌లో ఇలాంటి యాప్‌ల మీదే మన తమ్ముళ్ళు తిరుగుతున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో గిగ్ వర్కర్ల బిల్లు ముసాయిదా బయటపెట్టింది. వచ్చే ఎపిసోడ్ దాని గురించే. ఊళ్ళో మీవాళ్ళెవరైనా డెలివరీ చేస్తుంటే, అకౌంట్ మూసేసినప్పుడు ఏమైందో వాళ్ళనడిగి వాయిస్ మెసేజ్ పంపించండి. పేర్లు చెప్పక్కర్లేదు.