కుర్చీ వచ్చిన దారి

ఇంటికి వచ్చిన వారితో మనము పలుకు మొదటి మాట ‘కూర్చోండి’ అని. అది అచ్చతెనుగు. వారికి చూపు కుర్చీ మాత్రము అరబ్బీ. అరబ్బీలోని ‘కుర్సీ’ పారసీకము, ఉర్దూల మీదుగా వచ్చి మన నోట కుర్చీ అయినది. కూర్చుండుటకు, విశ్రమించుటకు సంబంధించిన అరబ్బీ పదములు మరికొన్ని గూడ మన నడుమ వేషము మార్చుకొని తిరుగుచున్నవి.

ప్రాచీన అరబ్బీ పండితులు శరీర భంగిమలను మిక్కిలి సూక్ష్మముగా పరిశీలించిరి. 1038లో మరణించిన నిషాపూరు పండితుడు సఆలిబీ, ‘ఫిఖ్‌హుల్ లుగా’ అను గ్రంథమున, కూర్చుండు, నిలుచుండు, పరుండు రీతుల పేర్లకై ఒక ప్రకరణమునే కేటాయించెను. నిలిచియున్నవాడు కూర్చుండిన ‘ఖుఊద్’ అనియు, పరుండినవాడు లేచి కూర్చుండిన ‘జులూస్’ అనియు కొందరు నిఘంటుకారులు భేదము చెప్పిరి. బాసింపట్టు వేసికొనుట ‘తరబ్బు’. మోకాళ్లను రొమ్మునకు చేర్చి చేతులతో చుట్టుకొనుట ‘ఖుర్ఫుసా’. చేతులకు బదులు వస్త్రమును వీపునకును మోకాళ్లకును కలిపి చుట్టిన ‘ఇహ్తిబా’. ఎడారిలో ఆనుకొనుటకు గోడ యుండదు గనుక ఆ వస్త్రమే అరబ్బులకు గోడ యని నానుడి. మన యోగనరసింహుని మోకాళ్లను చుట్టిన యోగపట్టమును చూచినవారికి ఇది వింతగా తోపదు.

ఈ పదములు మన సీమకు వచ్చినది పారసీకము వెంట. 1579లో కొండవీడు గోలకొండ సుల్తానుల వశమైన పిమ్మట దివాణపు వ్రాతకోతలలో పారసీక పదజాలము బలపడినది. పారసీకము తనలో ఇముడ్చుకొనిన అరబ్బీ మాటలు కరణముల లెక్కలలోనికి, ఆ పైని జనుల నోటికి దిగినవి. దిగుచు అర్థము మార్చుకొనినవి. ‘జులూస్’ ధాతువునుండియే పుట్టిన జల్సా, కూర్చున్న సభ పోయి మనకు విలాసమైనది. జులూసు హైదరాబాదులో ఊరేగింపైనది. కూర్చున్న మాట లేచి నడచినది! ‘ఖుఊద్’ కుదురునుండి వచ్చిన ‘ఖాయిదా’కు పునాది యని అర్థము, మనకది నియమము. వాహనము దిగు తావైన ‘మన్జిల్’ మజిలీ యైనది. నిలుచు తావైన ‘మఖామ్’ మకాము అయినది.

గమనింపదగిన దొకటి కలదు. వచ్చిన మాటలలో భంగిమ మిగులలేదు. అధికారము, ప్రయాణము, వేడుక మిగిలినవి. భంగిమలకు తెలుగు తన మాటలనే నిలుపుకొన్నది. అలసినవాడు చతికిలబడును. అరుగుమీది తాత స్తంభమునకు చేరగిలబడును. మిరపకళ్లములో తాలుకాయ లేరు స్త్రీలు గొంతుకూర్చుందురు. మధ్యాహ్నము నడుము వాల్చుట నిద్ర కాదు, కునుకు అంతకన్న కాదు.

కూర్చుండుటలో మర్యాద యున్నది. తారతమ్యము గూడ నున్నది. పండ్రెండవ శతాబ్దమున మాచర్లలో బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెనని పల్నాటి వీరగాథ చెప్పును. చాపకు ఎత్తుపల్లములు లేవు. కుర్చీకి ఎత్తున్నది. అధికారి కుర్చీలో నుండగా రైతు నిలుచుండుట మన పల్లెలు చిరకాలము చూచినవి. పదవిని నేటికిని ‘కుర్చీ’ అనియే అనుచున్నాము.

ఇప్పుడు కుర్చీ ఇంటింటికి వచ్చినది. అది మేలే, నడుము నొప్పి గల వృద్ధులకు మరియు మేలు. కాని అందు పెరిగిన బిడ్డకు కూర్చుండుట యనగా ఒక్కటే రీతి. నేలతో పొత్తు విడినకొలది గొంతుకూర్చుండుట, బాసింపట్టు వంటి మాటలు పలుకువారు తగ్గుదురు. గురజాలలో నైనను నరసరావుపేటలో నైనను, ఇంటి పెద్దలకు ఇట్టి మాటలు ఇంకను పదులకొలది తెలియును. ఒక సాయంకాలము పిల్లలచేత వానిని వ్రాయింపుడు. వేయేండ్ల క్రిందట సఆలిబీ నిషాపూరులో చేసిన పని అదియే. దానివలననే ఆ మాటలు నేడు మనకు తెలిసినవి.